తెర పట్టిన చేతులు

పోయిన వారం సుధామణిని కృష్ణగిరి బస్టాండులో వదిలిపెట్టాం. భుజం మీద తెరమూట, చేతిలో నారాయణస్వామి పంపిన నోటీసు. నోటీసులో ఉన్నది రెండు ముక్కలే. ఆదివారం పదకొండు గంటలకు సంఘం సర్వసభ్య సమావేశం. వచ్చేటప్పుడు కార్యదర్శి పాత తెరను తెచ్చి అధ్యక్షులవారికి అప్పగించవలసినది. "అప్పగించవలసినది" అన్న మాట కింద సుధామణి హోసూరు నుంచి వస్తూ బస్సులోనే గోరుతో గీత గీసింది. కోపం ఎక్కువైనట్టుంది, అక్కడ కాగితం చిరిగింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ల కోసం నాలుగు మాటలు. రాయకోట చుట్టుపక్కల ఊర్లలో ఏటా వైశాఖంలో పద్దెనిమిది రోజులు భారతం ఆడే వీధినాటక సంఘం ఇది. సుధామణి తండ్రి పాపన్న పగలు గొర్రెలు కాసి, ఆటలో భీముడి వేషం కట్టి, ఆ వేషంలోనే పేరు తెచ్చుకుని పోయినవాడు. కూతురు హోసూరు కంపెనీలో బోల్టులు, నట్లు కొలతకు సరిపోయాయో లేదో చూసే పనిలో ఉంది. మూడేళ్లుగా సంఘానికి కార్యదర్శి. అధ్యక్షుడు నారాయణస్వామి కృష్ణగిరిలో మామిడికాయల మండీ యజమాని. సంఘాన్ని రిజిస్టరు చేసిన నాటి నుంచి, అంటే పదిహేనేళ్లుగా, ఆ కుర్చీలో ఆయనే. చెడ్డవాడని ఎవరూ అనలేరు. వానలు లేని ఏళ్లలో ఆటగాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగిందంటే ఆయన పుణ్యమే. కాకపోతే ఆ మాట ఆయనే గుర్తు చేస్తుంటాడు, అదొక్కటే చిక్కు.

ఇప్పుడు గ్రానైటు కంపెనీ వాళ్ల ట్రస్టు ఒకటి ఏటా ఐదు లక్షలు ఇస్తానంటోంది. బదులుగా భారతం రెండు గంటల్లో అయిపోవాలి. కంపెనీ పేరున్న మఖమలు తెర వాడాలి. పాత తెరను వాళ్ల గెస్టుహౌసులో అద్దాల పెట్టెలో పెడతారు. ఊరి జనం ఇకమీదట తెర పట్టకూడదు, చూడ్డానికి బాగుండదట.

ఆ చివరి షరతు దగ్గరే సుధామణికి ఒళ్లు మండింది. ఈ ఆటలో ప్రతి వేషమూ తెర వెనక నుంచే వస్తుంది. తెరను ఇద్దరు చెరొక కొస పట్టుకుని నిలబడతారు. ఆ ఇద్దరూ ఆటగాళ్లు కారు, ఆ ఏడాది ఆటకు ఏదైనా ఇచ్చిన ఇంటివాళ్లు. బస్తా బియ్యం ఇచ్చినా ఒక వేషానికే, దోసెడు రాగులు ఇచ్చినా ఒక వేషానికే. ఇచ్చిన ఇల్లు ఒక గుడ్డపేలిక కూడా ఇస్తుంది. దాన్ని తెరలో కలిపి కుడతారు. గొంగడి ముక్క, చీర అంచు, పంచె కొంగు, ఇలా ఎన్ని ఇళ్లు కలిశాయో ఎవరికీ తెలియదు. తెర మాత్రం బరువెక్కింది.

*

కాయ ఇంకా దిగని రోజులు కాబట్టి మండీ గోడౌను ఖాళీగా ఉంది. గడ్డి వాసన మాత్రం పోలేదు. సభ్యులు నలభై మంది దాకా జంపఖానా మీద కూర్చున్నారు. వెనక గోడకు ఆనుకుని సుధామణి తల్లి నంజమ్మ కూర్చుంది. కూతురు ఆదివారం పూట ఇంటి పట్టున ఉండకుండా ఊర్లంట తిరుగుతోందని నాలుగు నెలలుగా ఆమె సుధామణితో మాట్లాడటం లేదు. ఇవాళ ఎందుకొచ్చిందో, ఎవరితో వచ్చిందో తెలియదు.

గోడకు చార్టు అంటించి నారాయణస్వామి కోడలు నమిత మాట్లాడుతోంది. బెంగుళూరులో మేనేజిమెంటు చదివిన పిల్ల. ఆయన కొడుకు అరవింద్‌ను చేసుకుని వచ్చి ఏడాదే అయింది. చార్టులో పైన ప్లాటినం, దాని కింద గోల్డు, ఇంకా కింద సిల్వరు. ఎంత ఇస్తే ఎవరి పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారో అందులో ఉంది.

"రాగులిచ్చినోళ్లు దీంట్లో యాడ వస్తారమ్మా?" అని అడిగింది పాపక్క. రాయకోట రైల్వే స్టేషను బయట ఇడ్లీ అంగడి ఆమెది.

నమిత చార్టు వంక చూసి నవ్వేసింది. ఆ నవ్వులో వెటకారం లేదని సుధామణి గమనించింది. నిజానికి నమిత దగ్గర ఆమె ఒక సంగతి నేర్చుకుంది. సంక్రాంతి ముందు ఒకసారి మాటల్లో నమిత అంది, ఏదో ఒకటి ఇవ్వండి అంటే ఎవరూ ఇవ్వరు, ఫలానాది ఫలానా రోజుకు కావాలి అని అడగాలి అని. సుధామణి నాలుగు నెలల ఆదివారాలు ఆ ఒక్క మాట పట్టుకునే తిరిగింది.

నారాయణస్వామి గొంతు సవరించుకున్నాడు. "విన్నారు గదా. ఇంక మాటలెందుకు? సుధమ్మా, తెర తెచ్చినావు గదా, ఆ బల్ల మీద పెట్టు. మజ్జానం ట్రస్టోళ్లు వచ్చి తీసుకొని పోతారు."

సుధామణి మూట ఒళ్లోంచి తీయలేదు. "పెట్టనప్పా."

"ఏమంటివి?"

"పెట్టను అంటి. ఇది సంఘం బీరువాలో వస్తువు కాదు. ఇచ్చిన ఇండ్లది. వాళ్లనడగకుండా అద్దాల పెట్టెలో పెట్టేదానికి మీరెవురు, నేనెవురు?"

గోడౌనులో కాస్త కదలిక వచ్చింది. పదిహేనేళ్లలో ఆ కుర్చీ వైపు చూసి మీరెవరు అన్న మనిషి లేడు. నారాయణస్వామి ముఖం కందిపోయింది. "పదిహేనేండ్లు ఎవురు సాకినారో మర్చిపోయినారు అందరూ" అన్నాడు.

"మర్చిపోలే. సాకినందుకు దండం పెడతాము. అమ్ముకునేదానికి మాత్రం ఒప్పుకోము."

మాట మీద మాట పెరిగి, ఇంక ఎవరో ఒకరు లేచి బయటికి పోవడమే మిగిలిందనుకునేంతలో పిల్లప్ప చేయెత్తాడు. డెబ్బై ఏళ్ల మనిషి. నలభై ఏళ్లుగా ఈ జట్టుకు ధర్మరాజు ఆయనే. కూర్చున్న చోటనే అన్నాడు, "ఇద్దరూ తెర పట్టండి."

పెద్దవాళ్లకు అర్థమైంది. తెర పంచాయితీ పెట్టి చాలా ఏళ్లయింది. జట్టులో ఇద్దరికి పడకపోతే, వాళ్ల చేతికి తెర చెరొక కొస ఇచ్చి నిలబెట్టేవాళ్లు. తెర ఎత్తిన చేతులతో అబద్ధం ఆడకూడదు. ఎవరి చెయ్యి ముందు దిగితే వాళ్లు తగ్గినట్టు. ఆటలో మాదిరే లోపలి నుంచి వేషం లాగితే మాత్రం, ఎవరూ తగ్గినట్టు కాకుండా తెర దించాలి. మామూలుగా పావుగంటలో ఇద్దరికీ భుజాలు లాగి, కోపం తగ్గి, నవ్వుకుని దించేసేవాళ్లు.

నారాయణస్వామికి అరవై రెండు. కాదనవచ్చు. కానీ నలభై మంది ముందు కాదనడం ఆయన వల్ల కాలేదు. ఉత్తరీయం తీసి కుర్చీ మీద వేసి వచ్చాడు. సుధామణి మూట విప్పింది. గోడౌనులో జనానికి ఎదురుగా అడ్డంగా, కళ్లెత్తున తెర లేచింది. గాలికి పేలికలన్నీ ఒక్కసారి కదిలాయి.

పిల్లప్ప నీళ్లు తాగివస్తానని లేచి, గోడ తడుముకుంటూ తెర అవతలికి పోయాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"సరే" అన్నాడు నారాయణస్వామి. "ట్రస్టు వద్దంటావు. పద్దెనిమిది దినాలు. నూరు మందికి కూడు, మద్దెల, లైట్లు, పెట్రోలు. ఏ దినం ఎవురు పెడతారో చెప్పు చూస్తాము."

సుధామణి ఆ ప్రశ్న కోసమే వచ్చింది. "మొదటి దినం మా ఊరు. రెండో దినం కోటకింద పల్లె, వంటకు కట్టెలు కూడా వాళ్లవే. మూడు, నాలుగు చెరువు అవతల ఊర్లవి. ఐదో దినం గొల్లోళ్ల ఇండ్లు, మజ్జిగ కూడా పోస్తామన్నారు. దినానికి ఒక ఊరప్పా. ఆ దినం కూడు వాళ్లది, తెర పట్టేదీ వాళ్లే. నేను డబ్బు అడగలే. దినం అడిగినాను."

నమిత చార్టు మడుస్తున్నది కాస్తా ఆగి తల తిప్పి చూసింది.

"పదో దినం?" నారాయణస్వామి వదల్లేదు.

"హోసూరు."

"హోసూరులో ఎవురు? ఆడ ఊరు యాడుండాది, అంతా కంపెనీలే గదా."

"మా షిఫ్టు ఆడోళ్లు. నలభై మంది. ఒక్కొక్కరు జీతంలో ఒక దినం సంబళం. వాళ్లల్లో సగం మందికి ఈ ఆట ఏందో కూడా తెలీదు. అరవమోళ్లు ఉండారు, కన్నడమోళ్లు ఉండారు. తెర పట్టనిస్తావా అని అడిగినారు. ఇస్తానంటి. యూనిఫారం గుడ్డ ముక్కలు కూడా ఇచ్చినారు. ఇదిగో, మీ బొటనవేలి కింద ఉండేది అదే."

నారాయణస్వామి చూశాడు. నీలం గుడ్డ, ఇంకా కొత్త దారంతో కుట్టి ఉంది. వేలు కాస్త పక్కకు జరిపాడు.

ఆమె మిగతావి చెప్పుకుంటూ పోయింది. చేతులు నొప్పి పుడుతున్నాయి. పద్నాలుగు రోజులు చెప్పి ఆగింది. తెర ఎత్తి అబద్ధం చెప్పకూడదు. "ఆరు, తొమ్మిది, పన్నెండు ఇంకా ఎవురూ ఒప్పుకోలే" అంది.

"చూసినారా" అన్నాడు నారాయణస్వామి, జనం వైపు. ఆయన నుదుటి మీద చెమట కారుతోంది కానీ గొంతులో బలం వచ్చింది. "ఆ మూడు దినాలూ ఆటగాళ్లు గాలి తిని ఆడాల్నా?"

నాలుగు నెలలు కాళ్లరిగేలా తిరిగింది ఈ మూడు రోజుల దగ్గర ఆగిపోవడానికా అని సుధామణికి అనిపించింది.

"తొమ్మిదో దినం ఇడ్లీలు చాలునా?" అంది పాపక్క. "చాలంటే నాది. నూరు మందికి పెడతాను. నా చేతికి మాత్రం ద్రౌపది వచ్చేటప్పుడు తెర ఇయ్యాల."

ఎవరో నవ్వారు. మద్దెల వాయించే వరదప్ప పక్కవాడితో గుసగుసలాడి, ఆరో రోజు తమ వీధి పెట్టుకుంటుందని చెప్పాడు. చెప్పేటప్పుడు నారాయణస్వామి వైపు చూడలేదు.

పన్నెండు మిగిలింది. ఈసారి మాట గోడౌను తలుపు దగ్గర నుంచి వచ్చింది. అక్కడ తిమ్మరాజు నిలబడి ఉన్నాడు. సంఘం సభ్యుడు కాడు. ఇదే మండీలో మూటలు మోసే జట్టుకు మేస్త్రీ. తలుపు తీయడానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు.

"పన్నెండో దినం మాకు ఇయ్యమ్మా. మండీ కూలోళ్లం ఇరవై మంది ఉండాము. సావుకారప్పా, తప్పుగా అనుకోవద్దండి."

నారాయణస్వామి తప్పుగా అనుకున్నాడో లేదో తెలియదు. తన కప్పు కింద, తన కూలివాళ్లు, తన అనుమతి లేకుండా ఒక రోజు తీసుకున్నారు. ఆయన చెయ్యి ఒక అంగుళం దిగి, మళ్లీ లేచింది.

"పద్దెనిమిది?" అన్నాడు. గొంతు తగ్గింది. "పద్దెనిమిదో దినం చెప్పలే నీవు. అది ఏ ఊరికి ఇచ్చినావు?"

"అది ఎవురికీ ఇయ్యలే." సుధామణి మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది. "రెండు ఊర్లు అడిగినాయి. లేదంటి. మీ నాయన కాలం నుంచి అది మీ ఇంటి దినం. మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ పడే దినం ధర్మరాజుకు తెర పట్టేది మీరే గదా అప్పా. మా నాయన పోయిన ఏడు ఆ తెర కొస పట్టుకొని మీరు ఏడిస్తే నేను చూసినాను. మీకు తప్ప ఇంకెవురికి ఇస్తాను ఆ దినం?"

అరగంట నుంచి ఆమె మీద నిప్పులు కురిపిస్తున్న మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. చేతులు వణికాయి. ఆ వణుకు తెరంతా పాకి సుధామణి చేతికి తెలిసింది. గెలిచాననుకుంది. ఆ క్షణాన ఆమెకు ఆయన మీద ప్రేమే కలిగింది.

"సుధమ్మా" అన్నాడు. "ఆ దినం నాకు ఇయ్యొద్దు. నేను సంతకం పెట్టేసినాను."

"ఏం సంతకం?"

"పోయిన బేస్తవారం. ట్రస్టు అగ్రిమెంటు. వైశాఖంలో పద్దెనిమిది దినాలూ సంఘం ట్రస్టోళ్లు చెప్పిన చోటే ఆడాల. ఇంక యాడా ఆడకూడదు. మీటింగు పెట్టింది మిమ్మల్ని అడిగేదానికి కాదు, చెప్పేదానికి. తెర ఎత్తినాను గదా, అబద్ధం చెప్పలేను."

గోడౌను భగ్గుమంది. వరదప్ప లేచి నిలబడ్డాడు. పాపక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సుధామణి మాత్రం తెర దించలేదు. భుజాలు మండుతున్నా పళ్లు బిగించి నిలబడింది. "మీ సంతకం ఒక్కటే చెల్లదు. ప్రధాన వేషధారి కూడా పెట్టాలని నియమం ఉండాది."

"పెట్టినాడు."

"ఎవురు?"

అదే సమయానికి తెర అవతలి నుంచి ఎవరో లాగారు. రెండుసార్లు మెల్లగా, తర్వాత గుప్పిట పట్టి ఒక్కటి గట్టిగా. ఆ లాగుడు సుధామణికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఊరు ఊరంతటికీ తెలుసు. ధర్మరాజు వచ్చాడంటే తెరకు ఆ కదలిక వచ్చేది.

తెర దిగింది. వెనక పిల్లప్ప నిలబడి ఉన్నాడు. ఆ మూలనున్న సంఘం వేషాల పెట్టె తెరిచి కిరీటం బయటికి తీసినట్టున్నాడు, అది తల మీద లేదు, రెండు చేతుల్లో ఉంది.

"రెండో సంతకం నాదమ్మా" అన్నాడు. "ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేకపోయె. తెర వెనకాల నుంచి వస్తే నోరు తెరుచుకుంటాదని ఇట్ల చేసినాను. నాకు కండ్లు కనపడవు. రెండేండ్లాయె. బెంగుళూరులో ఆపరేషను చేపిస్తామన్నారు వాళ్లు."

రెండేళ్లు. సుధామణికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. పోయిన వైశాఖంలో తెర పట్టిన రైతులు తెర దించగానే ఆయన మోచేతి కింద చెయ్యి వేసి నాలుగడుగులు నడిపించారు. మర్యాద అనుకుంది. వాళ్లకు తెలుసన్న మాట. తెలిసి ఎవరికీ చెప్పకుండా దాచారు. ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

"నిన్ను చెయ్యి పట్టుకొని ఆడించింది ఎవురు తాతా? తెర పట్టినోళ్లు గదా. ఇంక వాళ్లు తెర ముట్టకూడదని నీవు రాసిచ్చినావా?"

పిల్లప్ప తల వంచుకున్నాడు.

"నీ కండ్ల సంగతి నేను చూస్తాను. మా కంపెనీ ఆడోళ్లనైనా అడిగి చేపిస్తాను. సంతకం సంగతి మాత్రం మర్చిపోమని నన్ను అడగొద్దు." ఆమె తన చేతిలోని కొస వదల్లేదు. నారాయణస్వామి వైపు తిరిగింది. "సావుకారప్పా, సంఘం పేరు మీరే పెట్టుకోండి. సీలు, బోర్డు, ఆ కాగితాలు అన్నీ మీవే. వాళ్లు కొనింది సంఘాన్ని. ఆట ఊర్లది. పదిహేడు దినాలకు మనుషులు ఉండారు. ఈ పొద్దుకు ఇరవై మూడో దినం రాయకోటలో భారతం మొదలవుతాది. ఆపేవాళ్లు వచ్చి ఆపుకోనీ."

"ధర్మరాజు ఎవురు?" అన్నాడు వరదప్ప. అడగక తప్పని ప్రశ్నే. పిల్లప్ప సంతకం పెట్టాడు, ఇంకెవరికీ ఆ పద్యాలు నోటికి రావు.

"నేను కడతాను."

"ఆడదానివి గదమ్మా. ఎప్పుడూ లేదే."

"నాయనకు పాఠం ఒప్పజెప్పించింది నేనే. అందరి పద్యాలూ వచ్చు నాకు. కిరీటం ఈడ ఇయ్యి తాతా."

పిల్లప్ప చేతులు ముందుకు వచ్చి, మధ్యలో ఆగిపోయాయి. ఎవరి వైపు ఇవ్వాలో ఆయనకు కనపడలేదో, ఇవ్వడానికి మనసు రాలేదో. అప్పుడు వెనక గోడ దగ్గర నుంచి నంజమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని, జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చింది. నాలుగు నెలలుగా కూతురితో మాట్లాడని మనిషి, వచ్చి సుధామణి చేతిలోని తెర కొస తీసుకుంది.

"నీవు లోపలికి పో" అంది. "నేను పడతాను."

సుధామణి కొస తల్లి చేతికి వదిలింది. పిల్లప్ప దగ్గరికి పోయి ఆయన చేతుల్లోంచి కిరీటం అందుకుంది. ఆయన గట్టిగా పట్టుకోలేదు.

బయట కారు ఆగిన చప్పుడు, ఆ వెంటనే హారను. తలుపు దాకా పోయి చూసిన నమిత వెనక్కి తిరిగింది. "మామయ్యా, ట్రస్టు వాళ్లు వచ్చారు. తెర రెడీగా ఉందా అని అడుగుతున్నారు."

నారాయణస్వామి కదల్లేదు. రెండో కొస ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉంది. తెర సగం నేల మీద పడి ఉంది. ఒక పక్క నంజమ్మ తన కొసను అప్పుడే తలెత్తున లేపి నిలబడింది. మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. నలభై మందీ ఆయన చేతి వైపే చూస్తున్నారు.

సుధామణి తెర వెనక నిలబడి కిరీటం తలకెత్తుకుంది.

"ఎత్తండప్పా" అంది.